ఆర్డర్ కొట్టేశారు సరే, క్రెడిట్ ఎక్కడుంది?

చెన్నైలోని పారీస్ కార్నర్ ప్రాంతంలో ఆండర్సన్ వీధి, గోడౌన్ వీధి, గోవిందప్ప నాయకన్ వీధి అన్నీ హైకోర్టు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంటాయి. కాగితం, బట్ట, గిన్నెలు, సరుకులు అమ్మే తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్న చోటు ఇది. ఇక్కడ జీఎస్టీ కేసుల గురించి మాట్లాడుకునేటప్పుడు "కోర్టులో ఆర్డర్ కొట్టేశారంట" అనే మాట తరచూ వినిపిస్తుంది. చెప్పేవాళ్ల గొంతులో గెలిచామన్న సంబరం ఉంటుంది. మూడు నెలలు గడిచాక అదే మనిషి, "మళ్లీ అదే ఆర్డర్ ఇచ్చారు, బ్యాంకులో పట్టుకున్న డబ్బు కూడా రాలేదు" అంటాడు. ఈ రెండు మాటల మధ్య జరిగేదే రిమాండ్, అంటే పన్ను అధికారి వేసిన ఆర్డర్‌ను కోర్టు పక్కన పెట్టి, కేసును మళ్లీ ఆయనకే తిప్పి పంపడం. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులో తగ్గించుకోవడమే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, దాన్ని వెనక్కి ఇచ్చేయడమే రివర్సల్. ఈ రివర్సల్ తగాదాల్లో చాలామందికి సరిగ్గా అర్థం కానిది కూడా ఇదే.

ఆ కోర్టు ఉత్తర్వు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. సాధారణంగా రెండు మూడు పేజీలుంటుంది. నోటీసు పోర్టల్‌లో 'అదనపు నోటీసులు, ఉత్తర్వులు' అనే మూలలో పెట్టారు, చూసుకోలేదు, జవాబు ఇవ్వలేకపోయాం అని వ్యాపారి చెప్పుకుంటాడు. నోటీసు ఇచ్చాం, గుర్తు కూడా చేశాం అని ప్రభుత్వ న్యాయవాది అంటారు. కోర్టు రెండు వైపులా చూసి మధ్యే మార్గం పడుతుంది. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం రెండు వారాల్లో కట్టాలి, కొన్ని ఉత్తర్వుల్లోనైతే 25 శాతం. ఆ షరతు మీద ఆర్డర్‌ను పక్కన పెడుతుంది. వ్యాపారి జవాబు ఇవ్వాలి, అధికారి పర్సనల్ హియరింగ్ ఇచ్చి ఇన్ని నెలల్లో కొత్త ఆర్డర్ వేయాలి. అసలు క్రెడిట్ సరైనదా కాదా అన్నదాని మీద ఆ పేజీల్లో ఒక్క ముక్క కూడా ఉండదు. కోర్టు దాని జోలికే వెళ్లదు.

2024లో ఇలాంటి ఉత్తర్వులు వరదలా వచ్చాయి. దానికి కారణం క్యాలెండర్. మోసం ఆరోపణ లేని కేసుల్లో పన్ను అడిగే జీఎస్టీ చట్టం సెక్షన్ 73 కింద 2017-18 సంవత్సరానికి ఆర్డర్లు వేయడానికి పొడిగించిన గడువు 2023 డిసెంబర్ 31న ముగిసింది. 2018-19కి 2024 ఏప్రిల్ 30న, 2019-20కి 2024 ఆగస్టు 31న ముగిసింది. గడువు దగ్గరపడేకొద్దీ ఆర్డర్లు గంపగుత్తగా పడ్డాయి. వాటిలో చాలావాటికి వ్యాపారి నుంచి జవాబే లేదు. అప్పీల్ గడువు కూడా దాటిపోయాక, బ్యాంకు ఖాతాకు తాళం పడ్డాక, అప్పుడు పరుగెత్తింది హైకోర్టుకే.

హైకోర్టుకే ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే దానికి చట్టంలోనే ఒక కారణం ఉంది. సెక్షన్ 107(11) ప్రకారం మొదటి అప్పీలు వినే అధికారి ఆర్డర్‌ను ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. కింది అధికారికి తిప్పి పంపే అధికారం మాత్రం లేదు. తిప్పి పంపే అధికారాన్ని సెక్షన్ 113 ట్రైబ్యునల్‌కు ఇచ్చింది. జీఎస్టీ 2017 జులైలో వస్తే, ఆ ట్రైబ్యునల్‌ను ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. మధ్యలో ఎనిమిదేళ్లు రిమాండ్ కావాలంటే హైకోర్టులో నేరుగా రిట్ పిటిషన్ వేయడమే దారి. రిట్ విచారణలో లారీ రసీదులు, బిల్లులు ఒక్కొక్కటిగా చూడరు కాబట్టి ఫలితం కూడా ఒకే అచ్చులో పోసినట్టు వచ్చింది: డిపాజిట్ కట్టు, మళ్లీ అధికారి దగ్గరికే వెళ్లు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అల్లినదే గానీ, ఇందులో ఉన్న చిక్కులన్నీ నిజంగా ఎదురయ్యేవే. ఆండర్సన్ వీధిలో ఒక కాగితం కొట్టు. 2018-19లో జీఎస్టీఆర్-3బీలో (వ్యాపారి పన్ను కట్టే రిటర్న్‌లో) తీసుకున్న క్రెడిట్‌కూ 2ఏలో (సప్లయర్లు చూపిన బిల్లుల జాబితాలో) కనిపించిన దానికీ రూ.9 లక్షల తేడా ఉందని శాఖ అడిగింది. అందులో రూ.2 లక్షలు ఎప్పుడో మూతపడిన ఒక సప్లయర్‌ది. "దాని కోసం కొట్లాడటం ఎందుకు, రివర్స్ చేసేద్దాం" అన్నాడు ఆడిటర్. 3బీలో రివర్స్ చేశారు. మిగిలిన రూ.7 లక్షలకు నోటీసు వచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు. పన్ను రూ.7 లక్షలు, పెనాల్టీ రూ.70 వేలు, ఆపైన వడ్డీ కలిపి ఆర్డర్ పడింది. తర్వాత బ్యాంకు ఖాతా నుంచి రూ.3 లక్షల 10 వేలు లాగేసుకున్నారు. అప్పుడు రిట్ వేశారు. వసూలైనది 10 శాతం కన్నా ఎక్కువే కాబట్టి మళ్లీ డిపాజిట్ అక్కర్లేదని కోర్టు ఆర్డర్‌ను పక్కన పెట్టి, కేసును తిప్పి పంపింది.

ఆ రోజు సాయంత్రం ఈ కొట్టు లెక్క ఏమిటి? ఆర్డర్ పోయింది, నోటీసు మళ్లీ బతికింది. డబ్బు మాత్రం రెండు చోట్ల ఇరుక్కుని ఉంది. ఒక్కోదానికి ఒక్కో దారి.

బ్యాంకు నుంచి పోయినది నగదు. డిపాజిట్ కింద రూ.70 వేలు పోగా రూ.2 లక్షల 40 వేలు శాఖ దగ్గర ఏ ఆధారంతో ఉన్నట్టు? వసూలుకు ఆధారమైన ఆర్డరే లేనప్పుడు ఆ డబ్బు వాపసు ఇవ్వాల్సిందే అన్నది వ్యాపారి వాదన. సెక్షన్ 54 వివరణ ప్రకారం కోర్టు తీర్పు వల్ల వాపసు రావాల్సిన పన్నుకు రెండేళ్ల గడువు ఆ తీర్పు అందిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. అధికారి వాదన ఇంకోలా ఉంటుంది: కేసు ఇంకా తేలలేదు, మూడు నెలల్లో కొత్త ఆర్డర్ వేస్తాను, అప్పుడు సర్దుబాటు చేద్దాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తీర్పు వచ్చాక వాపసు ఆపాలంటే సెక్షన్ 54(11) ఒక పద్ధతి చెప్పింది. ఇంకా ప్రొసీడింగ్స్ నడుస్తుండాలి, మోసం వంటి కారణంతో ఆదాయానికి దెబ్బ తగులుతుందని కమిషనర్ అభిప్రాయపడాలి, పైగా వ్యాపారి మాట వినాలి. అధికారి నోటిమాటగా "ఆగండి" అంటే అది ఈ సెక్షన్ కింద ఆపినట్టు కాదు. అయినా చాలామంది ఆగుతారు. రేపు హియరింగ్‌లో ఎదురుగా కూర్చోవాల్సింది ఆయన ముందే కదా.

ఈ చిక్కు తప్పాలంటే దారి ఉత్తర్వులోనే ఉండాలి. పది శాతానికి మించి వసూలైన మొత్తాన్ని ఏం చేయాలో రిట్ పిటిషన్‌లోనే అడగాలి. వాపసు ఇవ్వాలా, కొత్త ఆర్డర్ దాకా ఉంచుకోవచ్చా, బ్యాంకు ఖాతా ఎప్పుడు విడిపించాలి? అడిగితే కోర్టు ఏదో ఒకటి చెబుతుంది. ఖాతా జప్తు ఎత్తేయమనే మాట మద్రాసు ఉత్తర్వుల్లో తరచుగానే ఉంటుంది. డబ్బు గురించి అడగకపోతే ఉత్తర్వు మౌనంగా ఉంటుంది. ఆ మౌనం ఎప్పుడూ డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ల వైపే మొగ్గుతుంది.

ఇక ఆ రూ.2 లక్షలు. అసలు చిక్కు ఇక్కడే. దాన్ని రివర్స్ చేయమని ఏ ఆర్డరూ చెప్పలేదు. వ్యాపారే తన రిటర్న్‌లో చేశాడు. అందుకే అది నోటీసులో లేదు, ఆర్డర్‌లో లేదు, రిమాండ్‌లోనూ లేదు. కోర్టు కొట్టేసింది ఆర్డర్‌ను మాత్రమే, రిటర్న్‌ను కాదు. రేపు రిమాండ్‌లో మిగతా సప్లయర్లు నిజమైనవాళ్లే అని తేలినా, మూతపడిన ఆ సప్లయర్ కూడా తన 3బీలు సక్రమంగా వేశాడని పోర్టల్‌లో కనిపించినా, ఆ రూ.2 లక్షల గురించి తేల్చడానికి అధికారి ముందు ఫైలే లేదు.

అయితే ఆ క్రెడిట్ పోయినట్టేనా? రూల్ 37(4) చదివితే కొంత ఊరట ఉంది. ముందు రివర్స్ చేసిన ఏ క్రెడిట్‌నైనా చట్టం ప్రకారం, ఆ అధ్యాయంలోని రూల్స్ ప్రకారం తిరిగి తీసుకోవడానికి క్రెడిట్ తీసుకోవడానికి సెక్షన్ 16(4) పెట్టిన గడువు అడ్డు రాదని ఆ రూల్ చెబుతుంది. శాఖ దీనికి ఒక అడ్డు చెప్పగలదు: రూల్ 37 అనేది సప్లయర్‌కు 180 రోజుల్లో డబ్బు కట్టని కేసుల కోసం, ఆ వాక్యం కూడా వాటికే. కానీ వాక్యం అలా లేదు. 'ఈ రూల్ కింద రివర్స్ చేసిన క్రెడిట్' అని రాయాలనుకుంటే అలాగే రాసేవాళ్లు, 'ఏ క్రెడిట్ అయినా' అని రాసేవాళ్లు కారు. వ్యాపారి వైపు వాదన బలంగానే ఉంది. బలంగా ఉన్నంత మాత్రాన తేలిగ్గా ఒప్పుకుంటారని కాదు.

ఇక్కడ ఒక చిన్న గడి పెద్ద తేడా తెస్తుంది. 3బీలో రివర్సల్ చూపడానికి టేబుల్ 4(బీ)లో రెండు వరుసలుంటాయి. మొదటిది శాశ్వతంగా వదులుకునేది, రెండోది తర్వాత తిరిగి తీసుకునే అవకాశం ఉన్నది. 2022 జులైలో వచ్చిన 170వ నంబర్ సర్క్యులర్ ఈ తేడాను విడమరిచి చెప్పింది. 2023 ఆగస్టు నుంచి పోర్టల్ రెండో వరుసలోని మొత్తాలకు విడిగా ఒక స్టేట్‌మెంట్ నడుపుతోంది. ఎంత రివర్స్ చేశారు, ఎంత తిరిగి తీసుకున్నారు అన్నది అందులో పడుతుంది. ఆ రోజు రిటర్న్ వేసిన అబ్బాయి తొందరలో మొదటి వరుసలో అంకె వేసి ఉంటే, ఆ స్టేట్‌మెంట్‌లో ఈ రూ.2 లక్షల జాడే ఉండదు. తిరిగి తీసుకోబోతే పోర్టల్ అభ్యంతరం చెబుతుంది. చట్టం ఒప్పుకున్నా గడి ఒప్పుకోని పరిస్థితి అన్నమాట. 'అభ్యంతరంతో రివర్స్ చేస్తున్నాం' అని అదే రోజు ఒక ఉత్తరం ఇచ్చి ఉంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు. ఆ ఉత్తరం రాయడానికి పది నిమిషాలు కూడా పట్టదు, కానీ రాసేవాళ్లు తక్కువ.

డీఆర్‌సీ-03 (తనంతట తానే పన్ను కట్టే ఫారం) ద్వారా క్రెడిట్ లెడ్జర్ (పోర్టల్‌లో క్రెడిట్ నిల్వ ఉండే ఖాతా) నుంచి కట్టి ఉంటే కథ వేరు. అది ఆర్డర్‌లో జమ చూపిస్తారు, లేదా 2024 జులైలో వచ్చిన డీఆర్‌సీ-03ఏ ద్వారా ఆ డిమాండ్‌కు ముడి వేస్తారు. అప్పుడు ఆర్డర్ తోపాటు అది కూడా రిమాండ్‌లోకి వస్తుంది. చివరికి వ్యాపారి గెలిస్తే రూల్ 92(1ఏ) ప్రకారం నగదుగా కట్టింది నగదుగా, క్రెడిట్‌తో కట్టింది పీఎంటీ-03 అనే ఉత్తర్వు ద్వారా మళ్లీ లెడ్జర్‌లో క్రెడిట్‌గా వాపసు వస్తుంది. కొట్టు ఈలోగా మూసేసిన వాళ్లకు ఆ క్రెడిట్ ఏం చేసుకోవాలో దిక్కు తోచదు.

మరి రిమాండ్ నడుస్తుండగానే ఆ రూ.2 లక్షలు తిరిగి తీసుకోవచ్చా? తీసుకుంటే వడ్డీ భయం. ఈ భయంలో సగం అనవసరం. సెక్షన్ 50(3) ప్రకారం వడ్డీ పడాలంటే తప్పుగా క్రెడిట్ తీసుకోవడమొక్కటే చాలదు, దాన్ని వాడుకుని కూడా ఉండాలి. ఈ మార్పును 2017 జులై 1 నుంచే వర్తించేలా చేశారు. వాడుకోవడం అంటే ఏమిటో రూల్ 88బీ చెబుతుంది. క్రెడిట్ లెడ్జర్ నిల్వ ఆ తప్పు క్రెడిట్ కన్నా కిందికి దిగితే, ఎంత దిగిందో అంత వాడినట్టు. అంటే రూ.2 లక్షలు తీసుకుని, లెడ్జర్‌లో ఎప్పుడూ రూ.2 లక్షలకు తగ్గకుండా ఉంచితే, రేపు ఓడినా వడ్డీ సున్నా. ఒక నెల నిల్వ రూ.1 లక్ష 30 వేలకు పడితే, వడ్డీ రూ.70 వేల మీదే. అయితే నిల్వ అంత బాగా ఉండే కొట్టుకు ఈ క్రెడిట్ వెంటనే అవసరం ఉండదు, అవసరమున్న కొట్టుకు నిల్వ ఉండదు. వడ్డీ తప్పినా, తప్పు అని తేలితే పెనాల్టీ మాట ఉండనే ఉంది.

ఇక రిమాండ్‌లో అధికారి ఎంత దూరం వెళ్లవచ్చు? ఇది ఉత్తర్వులోని మాటల మీద ఆధారపడుతుంది, అందుకే ఉత్తర్వును ఒకటికి రెండుసార్లు చదవాలి. 'ఆర్డర్ రద్దు చేసి, కొత్తగా విచారించమని పంపుతున్నాం' అంటే తలుపులన్నీ తెరిచినట్టే. 'ఫలానా సర్టిఫికెట్లు చూసి తేల్చండి' అంటే అధికారి ఆ గీత దాటకూడదు. మద్రాసులో తరచూ కనిపించే మూడో రకం ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది: 'ఈ ఆర్డర్‌నే షోకాజ్ నోటీసుగా భావించి జవాబు ఇవ్వండి'. ఇందులో చిక్కేమిటంటే, మొదటి నోటీసులో లేని కారణాలు ఆర్డర్‌లో కొత్తగా చేర్చి ఉంటే, ఈ ఒక్క వాక్యంతో అవన్నీ నోటీసులోకి చేరిపోతాయి. సెక్షన్ 75(7) ప్రకారం నోటీసులో చెప్పిన మొత్తానికి మించి గానీ, నోటీసులో లేని కారణంతో గానీ డిమాండ్ ఖాయం చేయకూడదు. వ్యాపారికి రెండో రౌండ్‌లో ఉన్న గట్టి కవచం ఇదే. ఆర్డరే నోటీసు అయితే ఆ కవచానికి చిల్లు పడుతుంది. సంతకం పెట్టే ముందు వకీలును అడగాల్సిన ప్రశ్న ఇది.

ఉదాహరణకు మొదటి నోటీసు '2ఏలో కనిపించలేదు' అని మాత్రమే ఉంది అనుకుందాం. రిమాండ్‌లో వ్యాపారి సప్లయర్ సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు అధికారి "సరే, మరి సరుకు నిజంగా వచ్చినట్టు ఏది రుజువు?" అని కొత్త ప్రశ్న వేస్తాడు. అడగడం తప్పు కాదు. ఆ కారణం మీదే డిమాండ్ వేయాలంటే మాత్రం నోటీసులో ఆ మాట ఉండాలి. ఈ తేడా చాలా హియరింగుల్లో ఎవరూ ఎత్తరు. జవాబులో ఒక పేరా ఎత్తి ఉంటే, రేపు అప్పీల్‌లో అదే పనికొస్తుంది.

గడువు విషయం కూడా ఇంతే. సెక్షన్ 75(3) ప్రకారం కోర్టు ఆదేశం అందిన రెండేళ్లలోపు కొత్త ఆర్డర్ వేయాలి. కోర్టు మూడు నెలలు అంటే మూడు నెలలే. అధికారి ఆలస్యం చేస్తే ఏమవుతుందో వాదించుకోవచ్చు. వ్యాపారి ఆలస్యం చేస్తే వాదనకు చోటు ఉండదు. రెండు వారాల్లో డిపాజిట్ కట్టకపోతే ఈ ఉత్తర్వు పనిచేయదని, పాత ఆర్డరే నిలుస్తుందని చాలా ఉత్తర్వుల చివరి పేరాలో ఉంటుంది. కోర్టులో గెలిచానని తిరుపతి వెళ్లి వచ్చేసరికి గడువు దాటిపోతే, వెనకటి డిమాండ్ మళ్లీ తలుపు తడుతుంది.

రెండో రౌండ్‌లో గెలుపోటములు తేల్చేది కాగితాలే. 2018-19కి 2బీ (ఎంత క్రెడిట్ తీసుకోవచ్చో చూపే నెలవారీ జాబితా) అనేదే లేదు. 2బీలో కనిపించాలన్న సెక్షన్ 16(2)(ఏఏ) షరతు 2022 జనవరి 1 నుంచి వచ్చింది. కాబట్టి ఆ పాత సంవత్సరాల గొడవంతా 16(2)(సి) మీద, అంటే సప్లయర్ పన్ను కట్టాడా లేదా అన్నదాని మీదే. 2022 డిసెంబరులో వచ్చిన 183వ నంబర్ సర్క్యులర్ 2017-18, 2018-19 సంవత్సరాలకు ఒక దారి చూపింది. ఒక సప్లయర్ దగ్గర ఏడాదికి తేడా రూ.5 లక్షలు దాటితే ఆ సప్లయర్ తరఫున చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ సర్టిఫికెట్, దాటకపోతే సప్లయర్ స్వయంగా ఇచ్చే సర్టిఫికెట్. 2019 ఏప్రిల్ నుంచి 2021 డిసెంబర్ దాకా ఇలాంటి దారినే 2023 జులైలో 193వ సర్క్యులర్ ఇచ్చింది. మన కాగితం కొట్టు రూ.7 లక్షల్లో ఒకరిది రూ.5 లక్షల 60 వేలు, ఇంకొకరిది రూ.1 లక్ష 40 వేలు అయితే, మొదటివాడు తన ఆడిటర్ దగ్గరికి వెళ్లాలి, రెండోవాడు లెటర్‌హెడ్ మీద సంతకం పెడితే చాలు. ఆరేళ్ల క్రితం సరుకు అమ్మిన మనిషి ఇప్పుడు మన కోసం తన ఆడిటర్‌కు ఫీజు కట్టి సర్టిఫికెట్ తెస్తాడా అన్నది చట్టం పట్టించుకోని ప్రశ్న. ఈ వీధుల పక్కనే ఉన్న సౌకార్‌పేటలో దానికి జవాబు ఆ మనిషితో ఇంకా వ్యాపారం నడుస్తోందా లేదా అన్నదాని మీద ఉంటుంది.

సర్టిఫికెట్ రాకపోతే? అప్పుడు రెండు తీర్పులు రెండు వైపుల నుంచి లాగుతాయి. మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ 2021 ఫిబ్రవరిలో డీ.వై. బీథెల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో, కొన్నవాడి క్రెడిట్ రివర్స్ చేసే ముందు అమ్మినవాడిని ఎందుకు పట్టుకోలేదని అడిగింది. అది రబ్బరు షీట్ల వ్యాపారం. అమ్మినవాళ్లను విచారణకు పిలవకపోవడాన్ని లోపంగా ఎత్తి చూపి, ఆర్డర్లు రద్దు చేసి, కేసులను వెనక్కి పంపింది. చెన్నై వ్యాపారుల జవాబుల్లో ఈ పేరు కనిపించని కాగితం అరుదు. అవతలి వైపు సుప్రీంకోర్టు 2023 మార్చిలో కర్ణాటక నుంచి వచ్చిన ఈకామ్ గిల్ కాఫీ ట్రేడింగ్ కేసులో చెప్పింది: క్రెడిట్ అడిగేవాడే రుజువు చూపాలి. బిల్లు, చెక్కు మాత్రమే చాలవు. అమ్మినవాడి పేరు, చిరునామా, సరుకు తెచ్చిన వాహనం వివరాలు, కిరాయి కట్టిన రుజువు, సరుకు అందుకున్నట్టు రసీదు, ఇవన్నీ కావాలి. అది కర్ణాటక వ్యాట్ చట్టం సెక్షన్ 70 మీద వచ్చిన తీర్పే అయినా, జీఎస్టీలోనూ సెక్షన్ 155 రుజువు భారాన్ని క్రెడిట్ తీసుకున్నవాడి మీదే పెట్టింది కాబట్టి అధికారులు దీన్ని చేతిలో పట్టుకునే కూర్చుంటారు.

వాహనం వివరాలు అనగానే ఈ వీధులున్న జార్జ్‌టౌన్‌లో నవ్వొస్తుంది. ఇక్కడ సరుకు ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్లేది మీన్‌బాడీ బండి (మూడు చక్రాల సరుకు బండి) మీద, లేదా కూలీ తోసే చక్రాల బండి మీద. దానికి లారీ రసీదు ఉండదు. తమిళనాడులో రాష్ట్రం లోపల ఈ-వే బిల్లు అవసరం మొదలయ్యేది లక్ష రూపాయలు దాటిన సరుకుకే. తొంభై వేల కాగితం రీములు రెండు వీధులు దాటి వస్తే వాటికి సాక్ష్యం గోడౌన్ గుమస్తా పుస్తకంలో గీసిన గీత, కూలీకి ఇచ్చిన డబ్బు చిట్టాలో రాసిన ఒక వరుస. పాతకాలపు కొట్లలో ఆ చిట్టా, ఆవర్జా తెలుగులోనే ఉంటాయి. నిజాయితీగా రాసిన ఆ పుస్తకం కన్నా చక్కటి రుజువు ఉండదు, కానీ దాన్ని అధికారి చదవలేరు. అలాంటప్పుడు ఆ పేజీలకు తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో ఒక పట్టిక తయారు చేసి, తేదీ వారీగా బిల్లుకు, స్టాకుకు, తర్వాత అమ్మిన బిల్లుకు ముడిపెట్టి ఇవ్వాలి. కొన్న సరుకే తర్వాత అమ్మి పన్ను కట్టామని చూపడం రెండో రౌండ్‌లో బాగా పనిచేసే వాదన. అధికారి దాన్ని పట్టించుకోకుండా పాత ఆర్డర్‌నే తిరగరాస్తే, ఆ పట్టిక ఫైల్లో ఉండటమే రేపటి అప్పీల్‌కు ఆయువుపట్టు. పై అధికారుల, పై కోర్టుల ఆదేశాలకు కింది అధికారులు కట్టుబడాలని సుప్రీంకోర్టు 1991లోనే కమలాక్షి ఫైనాన్స్ కేసులో గట్టిగా చెప్పింది. అయినా పేరాలు అలాగే కాపీ చేసిన రెండో ఆర్డర్లు ఆగలేదు.

ఈ మొత్తం కథలో అన్నింటికన్నా అన్యాయంగా కనిపించేది ఇంకొకటుంది. గడువు దాటి క్రెడిట్ తీసుకున్నారని 16(4) కింద వేలాది ఆర్డర్లు పడ్డాయి. 2024లో కేంద్రం ఫైనాన్స్ చట్టం ద్వారా 16(5) తెచ్చింది. 2017-18 నుంచి 2020-21 దాకా సంవత్సరాల క్రెడిట్‌ను 2021 నవంబర్ 30లోపు వేసిన రిటర్న్‌లో తీసుకుని ఉంటే చెల్లుతుందని, అదీ 2017 జులై నుంచే వర్తిస్తుందని చెప్పింది. కేసు రిమాండ్‌లో ఉన్నవాళ్లకు ఇది వరం. కానీ అదే ఫైనాన్స్ చట్టం సెక్షన్ 150 ఏమందంటే, ఈ సవరణ ముందే ఉండి ఉంటే కట్టాల్సిన అవసరం లేని పన్ను, రివర్స్ చేయాల్సిన అవసరం లేని క్రెడిట్ ఇప్పటికే కట్టేసి, రివర్స్ చేసేసి ఉంటే వాపసు లేదు. అంటే శాఖ మాట విని బుద్ధిగా రివర్స్ చేసినవాడు నష్టపోయాడు, కోర్టు మెట్లెక్కి కూర్చున్నవాడికి క్రెడిట్ మిగిలింది. పక్కపక్క కొట్లలో ఈ రెండు రకాల మనుషులూ ఉన్నారు. మరి కోర్టు షరతు మీద కట్టిన 10 శాతం డిపాజిట్ సంగతేమిటి? అది 'కట్టిన పన్ను' కిందికి వచ్చి ఇరుక్కుంటుందా, లేక కేసు నడపడానికి పెట్టిన హామీ మాత్రమేనా? రెండోదే సరైన అర్థమని చెప్పడానికి పెద్ద న్యాయశాస్త్రం అక్కర్లేదు. అప్పీల్ కోసం కట్టిన ముందస్తు డిపాజిట్‌ను గెలిచాక వడ్డీతో ఇవ్వాలని సెక్షన్ 115 చెబుతోంది. రిట్‌లో కట్టినదాన్ని అంతకన్నా తక్కువగా చూడటానికి కారణం లేదు. కాకపోతే సెక్షన్ 115లో రిట్ అనే మాట లేదు. వాదన పుట్టేది అక్కడే.

పాత వ్యాట్ కేసులు ఇంకా నడుస్తున్న కొట్లు కూడా ఉన్నాయి. తమిళనాడు వ్యాట్‌లో కొన్నవాడి అనెక్షర్-1కీ (కొనుగోళ్ల జాబితా) అమ్మినవాడి అనెక్షర్-2కీ (అమ్మకాల జాబితా) పొంతన లేదని క్రెడిట్ రివర్స్ చేసిన కేసుల్లో, 2017 మార్చిలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన జేకేఎం గ్రాఫిక్స్ తీర్పు గుత్తగా ఆర్డర్లను పక్కన పెట్టి, ఈ తేడాలు తేల్చడానికి ఒక పద్ధతి పెట్టుకోమని శాఖకు చెప్పింది. ఆ రిమాండ్‌లు తేలేసరికి వ్యాట్ చట్టమే పోయింది. వింతేమిటంటే వీటిలో గెలిచినవాళ్ల పరిస్థితి జీఎస్టీలో గెలిచినవాళ్లకన్నా మెరుగు. జీఎస్టీ చట్టం సెక్షన్ 142 ప్రకారం పాత చట్టం కింద చెల్లుతుందని తేలిన క్రెడిట్‌ను నగదుగా ఇవ్వాలి, కొత్త క్రెడిట్ లెడ్జర్‌లో వేయడానికి లేదు. ఓడితే ఆ మొత్తాన్ని జీఎస్టీ బకాయిలాగే వసూలు చేస్తారు, దానికి జీఎస్టీలో క్రెడిట్ కూడా రాదు.

ఇప్పుడు ట్రైబ్యునల్ వచ్చింది. సెక్షన్ 113 కింద అది కేసును మొదటి అప్పీల్ అధికారికో, అసలు ఆర్డర్ వేసిన అధికారికో తిప్పి పంపగలదు, ఎలా విచారించాలో ఆదేశాలూ ఇవ్వగలదు. హైకోర్టు రిట్‌లలాగే ఇక్కడా రిమాండ్‌లు వస్తాయి. ఆ ఆదేశాల్లో ఈలోగా రివర్స్ అయిన క్రెడిట్ ఎక్కడ ఉండాలి, ఖాతా నుంచి పోయిన నగదు ఎవరి దగ్గర ఉండాలి అన్న రెండు వాక్యాలు చేరాలంటే అప్పీల్ మెమోలో చివరి ప్రార్థన కిందే వాటిని రాసి ఉండాలి. మన ఆండర్సన్ వీధి కాగితం కొట్టు రిట్‌లో ఆ రెండు వాక్యాలు లేవు. అందుకే ఆ రూ.2 లక్షల 40 వేలు శాఖ దగ్గరే ఉన్నాయి, ఆ రూ.2 లక్షలు టేబుల్ 4(బీ)లో ఏ వరుసలో పడ్డాయో ఆడిటర్ ఆఫీసులో పాత రిటర్న్‌లు తిరగేసి చూస్తున్నారు.